పట్టాయ కథ: బార్ల వీధిని ఫ్యామిలీ వీధిగా మార్చబోతే ఏమైంది?

పట్టాయ అనే పేరు వినగానే మన కుర్రాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఏ ఎమోజీలు పడతాయో నాకు తెలుసు, మీకూ తెలుసు. ఎరువుల కంపెనీలు, సిమెంట్ కంపెనీలు టార్గెట్ కొట్టిన డీలర్లని బ్యాంకాక్ టూర్‌కి తీసుకెళ్తాయి కదా, దాని మీద మన ఊళ్లలో ఎన్ని జోకులున్నాయో లెక్కలేదు. వెళ్లొచ్చినాయన ఇంట్లో చూపించే ఫోటోల్లో మాత్రం ఏనుగులు, గుళ్లు, కోరల్ ఐలాండ్, అంతే!

ఈ ఎపిసోడ్‌లో ఆ జోకుల వెనకున్న ఊరి చరిత్ర చూద్దాం. ఈ ఊరిని కుటుంబాలు వచ్చే టూరిస్ట్ ప్లేస్‌గా మార్చేస్తామని థాయ్‌లాండ్ ప్రభుత్వాలు ఏళ్లుగా చెబుతూనే ఉన్నాయి. వాటర్ పార్కులు వచ్చాయి, బీచ్ వెడల్పు చేశారు, పోలీసులు రైడ్లు చేశారు. అయినా వాకింగ్ స్ట్రీట్ నియాన్ బోర్డు సాయంత్రం అయ్యేసరికి వెలుగుతూనే ఉంటుంది. ఎందుకు? నా అభిప్రాయం ముందే చెప్పేస్తా. శుభ్రం చేయడం అనే పని మొదలైన ప్రతిసారీ అందరికంటే బలహీనంగా ఉన్నవాళ్లని పక్కకి నెట్టారు. ఆ వ్యాపారాన్ని నిలబెట్టిన చట్టాల జోలికి, స్థలాల జోలికి, పల్లెల్లోని అప్పుల జోలికి పెద్దగా పోలేదు. ఎలాగో చూడండి.

పట్టాయ బ్యాంకాక్‌కి ఆగ్నేయంగా, రోడ్డు మీద సుమారు 150 కిలోమీటర్లు. చోన్‌బురి రాష్ట్రంలో ఉంది. పేరు వెనక ఒక కథ చెబుతారు. 1767లో ఆయుత్తయ రాజధాని బర్మా సైన్యం చేతిలో పడిపోయే సమయానికి (ఆయుత్తయ అంటే మన అయోధ్య పేరే), తాక్సిన్ అనే సేనాపతి తన మనుషులతో తూర్పు తీరం వైపు వచ్చాడు. ఆయన సైన్యం ఆగిన చోటుని 'థాప్ ప్రాయా' అన్నారు, అంటే ప్రాయా గారి సైన్యం. అదే నోళ్లలో నలిగి పట్టాయ అయింది. థాయ్ భాషలో ఆ మాటకి వానాకాలం మొదట్లో నైరుతి నుంచి వీచే గాలి అనే అర్థం కూడా ఉంది. ఆ తర్వాత సుమారు రెండు వందల ఏళ్లు అక్కడ చెప్పుకోదగ్గ విశేషం ఏమీ లేదు. జాలర్ల పల్లె, అంతే.

1959లో కోరాట్ వైపు నుంచి కొంతమంది అమెరికన్ సైనికులు సెలవులు గడపడానికి వచ్చి, బీచ్ దక్షిణం కొసన ఇళ్లు అద్దెకు తీసుకున్నారని ఆ ఊళ్లో చెప్పుకుంటారు. దక్షిణం కొస అన్నది గుర్తుపెట్టుకోండి, ఇవాళ్టి వాకింగ్ స్ట్రీట్ అక్కడే. తర్వాత వియత్నాం యుద్ధం ముదిరింది. పట్టాయకి సుమారు 40 కిలోమీటర్ల దూరంలో ఉ-తపావ్ అనే పెద్ద వైమానిక స్థావరం కట్టారు. 1967 నుంచి బి-52 బాంబర్లు అక్కడి నుంచే ఎగిరాయి. 1960ల చివరికి థాయ్‌లాండ్‌లో ఉన్న అమెరికన్ సైనికుల సంఖ్య 40 వేలు దాటింది. వీళ్లు కాక, వియత్నాంలో పోరాడుతున్నవాళ్లు కొద్దిరోజుల సెలవు మీద వచ్చిపోయేవాళ్లు. దీనికోసం 1967లో రెండు దేశాల మధ్య ఒప్పందమే జరిగింది. అలా వచ్చినవాళ్లలో ఎక్కువమంది బ్యాంకాక్‌లో దిగేవాళ్లు, పట్టాయకి సముద్రం కోసం వచ్చేవాళ్లు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. నా లెక్కలో ఈ కథలో అసలు కీలకం రెండు చట్టాలు. 1960లో సైనిక పాలకుడు సరిత్ తనరత్ ప్రభుత్వం వ్యభిచారాన్ని నిషేధిస్తూ చట్టం తెచ్చింది. విచిత్రం ఏంటంటే, విదేశీ టూరిస్టుల్ని రప్పించడానికి ప్రభుత్వ టూరిజం సంస్థ పుట్టింది కూడా అదే 1960లో. ఆరేళ్లు తిరగకముందే, 1966లో, వినోద స్థలాల చట్టం వచ్చింది. బార్లు, డాన్స్ హాళ్లు, మసాజ్ పార్లర్లకి ఇది లైసెన్సు ఇస్తుంది. అక్కడ అమ్మాయిలు కస్టమర్లతో కూర్చోవచ్చు, కబుర్లు చెప్పొచ్చు, డాన్స్ చేయొచ్చు. ఆ పైన జరిగేది ఇద్దరు పెద్దవాళ్ల సొంత వ్యవహారం, బార్‌కి సంబంధం లేదు!

అర్థమైంది కదా. ఒక చట్టం తలుపు మూసింది, ఇంకో చట్టం కిటికీ తెరిచి దానికి లైసెన్సు ఫీజు కూడా పెట్టింది. 'బార్ ఫైన్' అనే పద్ధతి ఈ సందులోనే నిలబడింది. అమ్మాయిని బయటికి తీసుకెళ్లాలంటే కస్టమర్ బార్‌కి కొంత డబ్బు కడతాడు. పైకి అది ఆమె డ్యూటీ మధ్యలో వెళ్లిపోయినందుకు నష్టపరిహారం. దీనివల్ల బార్ ఓనర్‌కి రక్షణ ఉంది, లైసెన్సు ఇచ్చే ఆఫీసుకి రక్షణ ఉంది. చట్టం ముందు నేరస్థురాలిగా మిగిలేది ఆ అమ్మాయి ఒక్కతే.

1976కల్లా అమెరికన్ సైన్యం వెళ్లిపోయింది. కట్టిన హోటళ్లు, తెరిచిన బార్లు, అలవాటుపడిన టాక్సీలవాళ్లు ఉండిపోయారు. వాటిని ఖాళీగా ఉంచలేరు కాబట్టి కొత్త గిరాకీ వెతికారు. యూరప్ నుంచి చార్టర్ విమానాలు మొదలయ్యాయి, జర్మన్లు, బ్రిటిష్‌వాళ్లు, తర్వాత రష్యన్లు. 1978లో పట్టాయకి ప్రత్యేక నగర పాలన హోదా ఇచ్చారు.

మరి బార్లలో పనిచేసేవాళ్లు ఎక్కడివాళ్లు? ఎక్కువమంది ఆ తీరం వాళ్లు కాదు. థాయ్‌లాండ్ ఈశాన్య భాగాన్ని ఇసాన్ అంటారు. అక్కడ ఎక్కువగా వానమీద ఆధారపడ్డ వరిసాగు. వాన లేకపోతే అప్పు, వాన ఎక్కువైనా అప్పు. భర్త వదిలేస్తే పిల్లల్ని అమ్మమ్మ దగ్గర వదిలి కూతురు పట్నం బస్సు ఎక్కుతుంది. తల్లిదండ్రుల్ని పోషించడం కూతురి బాధ్యత అని అక్కడి సమాజం గట్టిగా నమ్ముతుంది. నెలనెలా డబ్బు వస్తుంది, ఊళ్లో పాత చెక్క ఇంటి స్థానంలో సిమెంట్ ఇల్లు లేస్తుంది. జగిత్యాల వైపో, కోనసీమ వైపో పెరిగినవాళ్లకి ఈ బొమ్మ కొత్తేమీ కాదు, గల్ఫ్ డబ్బుతో కట్టిన ఇళ్లు చూసే ఉంటారు. పని వేరు, లెక్క ఒకటే. ఊళ్లో ఇల్లు చూసి మెచ్చుకుంటారు, ఆ డబ్బు ఎలా వచ్చిందో ఎవరూ అడగరు.

ఇప్పుడు 'ఫ్యామిలీ ఫ్రెండ్లీ' అనే మాట దగ్గరకి రండి. ఎవరి ఫ్యామిలీ? ఈ బార్లు నడవడం వల్ల ఇసాన్‌లో అన్నం తినే కుటుంబాలు కూడా కుటుంబాలే కదా!

అందుకని వాకింగ్ స్ట్రీట్ అలాగే ఉండాలని నేను అనడం లేదు. అక్కడ మోసం ఉంది, డ్రగ్స్ ఉన్నాయి, మైనర్ పిల్లల కేసులు కూడా పట్టుబడ్డాయి. వాటికి సాకులు చెప్పేవాళ్లతో నాకు వాదన కూడా అనవసరం. నేను అడిగేది, మార్పు తెచ్చే పద్ధతి గురించి.

ఎందుకంటే పద్ధతి సరిగ్గా ఉంటే పని జరిగిన సందర్భం ఇదే దేశంలో ఉంది. ఎయిడ్స్ విజృంభించినప్పుడు, 1991 నుంచి, థాయ్ ప్రభుత్వం దేశమంతా వంద శాతం కండోమ్ కార్యక్రమం నడిపింది. ఈ వ్యాపారం మా దేశంలో లేదు అని బుకాయించకుండా, ఉంది అని ఒప్పుకుని, బార్ ఓనర్లని బాధ్యుల్ని చేసింది. కొత్త ఇన్ఫెక్షన్లు బాగా పడిపోయాయి. ప్రపంచమంతా దాన్ని పాఠంగా చదువుకుంది.

పేరు ప్రతిష్ఠల విషయం వచ్చేసరికి మాత్రం పాత అలవాటే. 2014 సైనిక కుట్ర తర్వాత చాలా బీచ్‌ల మీద కుర్చీలు, గొడుగులు అద్దెకిచ్చేవాళ్లని తగ్గించారు. పట్టాయలో బుధవారం కుర్చీలు వేయకూడదు అని రూలు పెట్టారు. 2016లో టూరిజం మంత్రి కోబ్‌కార్న్, మాకు నాణ్యమైన టూరిజం కావాలి, సెక్స్ వ్యాపారం పోవాలి అని బహిరంగంగానే చెప్పారు. మరుసటి ఏడాది బ్రిటన్ టాబ్లాయిడ్ పత్రికలు పట్టాయ మీద చాలా ఘాటుగా రాశాయి. పాలకులకి కోపం వచ్చింది. వెంటనే వాకింగ్ స్ట్రీట్ మీద పోలీసులు దిగారు, 'హ్యాపీ జోన్' అని బ్యానర్లు కట్టారు, ఇక్కడ అలాంటిదేమీ లేదని అధికారులు చెప్పారు. ఐక్యరాజ్యసమితి ఎయిడ్స్ సంస్థ 2014 అంచనాలో థాయ్‌లాండ్‌లో 1,23,530 మంది సెక్స్ వర్కర్లు ఉన్నారు. అలాంటి దేశంలో, ఈ వ్యాపారానికే పేరుపడ్డ ఊళ్లో నిలబడి, ఏమీ లేదు అనడానికి ధైర్యం కావాలి మరి.

రైడ్ జరిగితే ఎవరు దొరుకుతారు? బీచ్ రోడ్ మీద కొబ్బరిచెట్ల కింద నిలబడే ఆడవాళ్లు, ట్రాన్స్‌జెండర్ మహిళలు. 1996 చట్టం ప్రకారం బహిరంగంగా కస్టమర్లని పిలిస్తే జరిమానా వెయ్యి బాత్ వరకు. కట్టి వచ్చేస్తారు, ఆ వెయ్యి సంపాదించడానికి మళ్లీ అక్కడే నిలబడతారు. దీన్ని సంస్కరణ అనాలో, రోడ్డు మీద టోల్ గేట్ అనాలో మీరే చెప్పండి.

పెద్దవాళ్ల సంగతి చూద్దామా? వాకింగ్ స్ట్రీట్‌లో సముద్రం వైపున్న కట్టడాల్లో చాలావాటి వెనక భాగం నీళ్ల మీద స్తంభాలేసి కట్టిందే. అది ఆక్రమణ అని ప్రభుత్వమే దశాబ్దాలుగా అంటోంది, కూల్చాలనే మాట వస్తుంది, మళ్లీ సద్దుమణుగుతుంది. ఆ వీధి చివర బాలీ హాయ్ రేవు దగ్గర ఇంకో వింత చూడొచ్చు. 53 అంతస్తుల కాండో ఒకటి మొలిచింది. కొండ మీద ఉన్న చుంఫోన్ యువరాజు విగ్రహం దగ్గర్నుంచి సముద్రం కనబడకుండా పోతోందని జనం గోల చేస్తే 2014లో పని ఆపేశారు. ఆ అస్థిపంజరం ఏళ్ల తరబడి అలాగే నిలబడింది. కుర్చీలవాళ్లని ఒక్క ఆర్డర్‌తో లేపగలిగిన ప్రభుత్వానికి ఇది మాత్రం చేతకాలేదు.

న్యాయంగా చెప్పాలంటే ఫ్యామిలీల కోసం వచ్చినవి తక్కువేమీ కాదు. నోంగ్ నూచ్ తోట 1980 నుంచి ఉంది. మొత్తం చెక్కతో చెక్కుతూ పోతున్న సత్య మందిరం పని 1981లో మొదలైంది, మన దేవుళ్ల శిల్పాలు కూడా అందులో కనిపిస్తాయి. 2014లో కార్టూన్ నెట్‌వర్క్ పేరుతో ఒక వాటర్ పార్క్, 2016లో ఇంకోటి, దాని పేరు ఏంటో తెలుసా? రామాయణ! 2018-19లో సుమారు 2.8 కిలోమీటర్ల బీచ్‌కి కొత్త ఇసుక పోసి 35 మీటర్ల వెడల్పు చేశారు. పెద్ద వాన పడితే ఊళ్లో నీళ్లన్నీ ఆ ఇసుకని కోసుకుంటూ సముద్రంలోకి పోయాయి. పైన అలంకరణ చేశారు, కింద డ్రైనేజీ పాతదే.

కానీ గమనించారా, ఈ పార్కులు, తోటలు చాలావరకు ఊరి బయట ఉన్నాయి. బార్ల వీధి స్థానంలో వచ్చినవి కావు. పాత ఊరు అలాగే ఉండి దాని చుట్టూ ఇంకో ఊరు పెరిగింది. పగలు పిల్లలతో వచ్చినవాళ్లది, రాత్రి వేరేవాళ్లది.

తర్వాత కోవిడ్. ఏ మంత్రీ చేయలేని పని వైరస్ చేసింది, 2020 మార్చిలో వీధి మూతపడింది. బీచ్ రోడ్‌లో ఉచిత భోజనం కోసం క్యూలు కట్టారు. అసంఘటిత కార్మికులకి ప్రభుత్వం మూడు నెలలపాటు నెలకి 5,000 బాత్ ఇచ్చింది. మరి అప్లికేషన్‌లో వృత్తి అన్న గడిలో వీళ్లు ఏం రాయాలి? చేసే పని చట్టం ప్రకారం నేరం. 2021 జూన్‌లో ఎంపవర్ అనే సెక్స్ వర్కర్ల సంస్థ బ్యాంకాక్‌లో ప్రభుత్వ కార్యాలయం ముందు హైహీల్స్ చెప్పులు వరసగా పేర్చి, మా సాయం ఏదీ అని అడిగింది. వాళ్ల డిమాండ్లలో ఇంకోటి, మా పనిని నేరాల జాబితాలోంచి తీసేయండి అని. నేరం కాకపోతే కార్మిక చట్టం వర్తిస్తుంది, జీతం, సెలవు, ఆసుపత్రి ఖర్చు అడగొచ్చు, ఇష్టం లేకపోతే పని మానేసి ఇంకో పనికి పోవచ్చు. దీని మీద థాయ్‌లాండ్‌లో బిల్లులు, చర్చలు కొన్నేళ్లుగా నడుస్తున్నాయి. నిజంగా ఆ వీధి మారాలంటే ముందు ఇక్కడ మొదలుపెట్టాలని నా అభిప్రాయం. ఇది చాలామందికి నచ్చదు, తెలుసు.

2022 జూన్‌లో బార్లు మళ్లీ తెరుచుకున్నాయి. అప్పటికి దేశానికి డబ్బు కావాలి, నాణ్యమైన టూరిజం మాట కాస్త వెనక్కి పోయింది. 2023 డిసెంబర్‌లో బ్యాంకాక్, ఫుకెట్, చియాంగ్ మాయ్, సముయ్‌తో పాటు పట్టాయ ఉన్న చోన్‌బురిలో కూడా నైట్ క్లబ్బులు తెల్లవారుజామున 4 గంటల వరకు తెరిచి ఉంచడానికి అనుమతిచ్చారు. దానికి నెల ముందే, నవంబర్‌లో, మన ఇండియన్లకి వీసా లేకుండా రావచ్చన్నారు. 2024లో థాయ్‌లాండ్ వెళ్లిన ఇండియన్లు 21 లక్షలు దాటారు. వాళ్లలో హనీమూన్ జంటలున్నారు, అమ్మానాన్నలతో వెళ్లినవాళ్లున్నారు, డీలర్ టూర్లవాళ్లున్నారు. అంటే పగటి ఊరికీ, రాత్రి ఊరికీ ఇప్పుడు పెద్ద గిరాకీల్లో మనం ఒకళ్లం. ఒకప్పుడు అమెరికన్ సైనికుడు కూర్చున్న స్టూల్ మీద ఇవాళ మన కుర్రాడు కూర్చుంటున్నాడు.

ఇక బాంబర్లు ఎగిరిన ఉ-తపావ్ ఇప్పుడు పౌర విమానాశ్రయం కూడా. దాన్ని బ్యాంకాక్‌లోని రెండు విమానాశ్రయాలతో కలుపుతూ 220 కిలోమీటర్ల హైస్పీడ్ రైలు వేయడానికి 2019లో కాంట్రాక్ట్ మీద సంతకాలయ్యాయి, పనులు ఏళ్లకి ఏళ్లు వెనకబడ్డాయి. దారిలో పట్టాయ స్టేషన్ ఉంటుంది. ఇసాన్ నుంచి వచ్చేవాళ్లు మాత్రం ఇంకా రాత్రి బస్సులోనే దిగుతున్నారు.