దున్నినవాడు, దస్తావేజు

భద్రాచలం అంటే మన సాహిత్యానికి గుడి, గోదావరి. ఇళ్ల స్థలాలైపోయే కోయల పొలాల కథ అందులో అరుదు.

1917లో మద్రాసు ప్రభుత్వం ఏజెన్సీ భూముల బదిలీని నిషేధించినా, అధికారి అనుమతిస్తే గిరిజనేతరుడు కొనవచ్చన్న సందు ఉంచింది. 1959 నాటి రెగ్యులేషన్ 1963లో తెలంగాణకు వర్తించింది. దాన్ని సవరించిన 1970 నాటి 1/70 చట్టం ఆ సందు మూసింది. గిరిజనేతరుల మధ్య అమ్మకాలూ చెల్లవంది. గిరిజనేతరుని చేతిలోని భూమి గిరిజనునిదేనని భావించి, కాదని నిరూపించే భారం అతనిపైనే మోపింది. 1988లో సుప్రీంకోర్టు దీన్ని సమర్థించింది.

అయినా బినామీ పేర్లకు, తెల్లకాగితాల ఒప్పందాలకు చట్టం ఒక్కటే అడ్డుకాదు. దస్తావేజు పట్నం రాస్తుంది. గట్టును దున్నినవాడు గుర్తుంచుకుంటాడు. ఆ జ్ఞాపకాన్ని సాక్ష్యంగా నిలపడం రచయిత పని. అడవి అందాన్ని వర్ణించే ముందు మనం అడగాలి: ఈ చేను మొదట ఎవరిది?