మంత్రవిద్యల కల్పన: తెలుగు కథల్లో, సినిమాల్లో

కల్పిత లోకంలో మాయలు చేసేవాళ్లను తెగలుగా విడదీసి, ఒక్కో తెగ విద్యకు మూలం, సాధన, హద్దు, విరుగుడు ఏర్పరచడాన్ని మంత్రవిద్యల కల్పన అనవచ్చు. ఫాంటసీ నవలలు, వీడియో గేముల పుణ్యమా అని ఇది నిన్నమొన్న పుట్టిన పనిలా కనిపిస్తుంది గానీ తెలుగు కథకులకు ఇది పాత విద్యే. పద్ధతి మాత్రం వేరు. నిప్పు, నీరు, గాలి అంటూ పంచభూతాల వారీగా విద్యలను పంచడం మన కథల్లో తక్కువ. శక్తి ఎవరి దగ్గర పుచ్చుకున్నది, ఎక్కడ దాచుకున్నది, ఏం చేస్తే పోతుంది అన్నదాన్ని బట్టే ఇక్కడ ఒక విద్య మరో విద్య నుంచి వేరుపడుతుంది.

పాత సరుకు

కథకుడికి సిద్ధంగా దొరికిన జాబితాలు చాలానే ఉన్నాయి. యోగికి అణిమ మొదలుకొని అష్టసిద్ధులు. తాంత్రికుడికి శాంతి, వశ్యం, స్తంభనం, విద్వేషణం, ఉచ్చాటనం, మారణం అనే షట్కర్మలు. అరవై నాలుగు కళల్లో ఇంద్రజాలానికీ చోటుంది. జనం నోట ఇవన్నీ ఇంద్రజాల మహేంద్రజాల గజకర్ణ గోకర్ణ టక్కు టమార విద్యలై ఒకే మూటలో చేరాయి.

జాబితాలతోనే కథ నడవదని చూపడానికి 16వ శతాబ్దపు మనుచరిత్ర చాలు. మార్కండేయ పురాణంలోని కథను పెంచి రాసిన అల్లసాని పెద్దన, ఒకే ఘట్టంలో మూడు రకాల శక్తులను ఎదురెదురుగా నిలిపాడు. సిద్ధుడిది ఓషధీ విద్య: అతనిచ్చే పసరు కాళ్లకు పూసుకుంటే హిమాలయం గడప దాటినంత దూరం. గంధర్వుడిది పుట్టుకతో వచ్చిన కామరూప విద్య: కథానాయకుడు ప్రవరుడి వేషం వేసుకుని, అతన్ని వలచిన వరూధిని దగ్గరకు చేరతాడు. ప్రవరుడికి ఈ రెండూ లేవు, ఉన్నదల్లా నిత్యాగ్నిహోత్రం. మంచుకు కాలి పసరు కరిగిపోయి దిక్కుతోచనప్పుడు అతన్ని ఇల్లు చేర్చింది ఆ అగ్నిదేవుడే. పసరుకు మంచు విరుగుడు కావడం చిన్న విషయంలా ఉంటుంది. అది లేకపోతే ప్రవరుడు కొండ చూసుకుని సాయంత్రానికి ఇంటికొచ్చేవాడు, కావ్యమూ అక్కడితో సరి.

చిలకలో ప్రాణం

పల్లెల్లో పాడుకున్న బాలనాగమ్మ కథలో మాయల ఫకీరుకు హద్దే లేదు. రాజులను రాళ్లు చేస్తాడు, బాలనాగమ్మను కుక్కను చేసి పట్టుకుపోతాడు. అంతటివాణ్ని గెలవడం ఎలా? కథకులు అతని ప్రాణాన్ని ఒంట్లోంచి తీసి ఏడు సముద్రాల అవతల చిలకలో పెట్టారు. దాంతో మంత్రానికి మంత్రంతో జవాబు చెప్పే అవసరం తప్పింది. మంత్రం రాని కొడుకు బాలవర్ధిరాజు సముద్రాలు దాటితే చాలు. 1942లో జెమినీ సంస్థ దీన్ని సినిమాగా తీసినప్పుడు ఫకీరు మాయల మరాఠీ అయ్యాడు, ఆ పాత్రలో గోవిందరాజుల సుబ్బారావు నటించాడు.

నేపాళ మాంత్రికుడు

మధిర సుబ్బన్న దీక్షితులు పన్నెండు భాగాలుగా రాసిన కాశీమజిలీ కథలు సినిమావాళ్లకు తరగని గని. అందులోని ఒక కథకు అల్లావుద్దీన్ దీపం పోలికలు కలిపి పింగళి నాగేంద్రరావు రాయగా, కె.వి. రెడ్డి దర్శకత్వంలో 1951లో విజయా సంస్థ ‘పాతాళ భైరవి’ తీసింది. ఎస్.వి. రంగారావు వేసిన నేపాళ మాంత్రికుడి విద్య ఉపాసనా విద్య. దానికి బలి కావాలి, బలికి లక్షణాలున్న సాహసి కావాలి. అమ్మవారికి మాత్రం ఇచ్చేవాడు ఎవడన్న పట్టింపు లేదు. అందుకే బలికి తెచ్చిన తోటరాముడు తిరగబడి మాంత్రికుణ్నే బలి ఇస్తే, కోరికలు తీర్చే ప్రతిమ రాముడి చేతికొచ్చింది. ఆ ప్రతిమకూ యజమాని మీద మమకారం లేదు, ఎవరు పట్టుకుంటే వాళ్ల మాట వింటుంది. సంజీవనితో బతికొచ్చిన మాంత్రికుడి సొంత శక్తి గడ్డంలో ఉంది. రాకుమారి మోజులో గడ్డం తీయించుకుని దాన్నీ పోగొట్టుకుంటాడు. ఇన్ని షరతులను ప్రేక్షకుడు తడబడకుండా గుర్తుపెట్టుకునేలా చేయడమే పింగళివారి గొప్పతనం. ఒక్క షరతునూ పాఠంలా చెప్పలేదు.

అదే జట్టు 1957లో తీసిన ‘మాయాబజార్’లో ఘటోత్కచుడిది జాతివిద్య, సాధనతో పని లేదు. శశిరేఖ రూపం తెచ్చుకోగలడు గానీ సొంత స్వభావాన్ని దాచుకోలేడు. పెళ్లిపీటల మీద పెళ్లికొడుకు లక్ష్మణ కుమారుడి కాలు తొక్కే ఆ శశిరేఖలో సావిత్రి రాక్షసుణ్ని చూపించింది. ప్రియదర్శిని, సత్యపీఠం వస్తువిద్యలు. ఒక్కో వస్తువుకు ఒక్కటే పని: ఒకటి చూసేవాళ్లకు ప్రియమైనదాన్ని చూపిస్తుంది, రెండోది పైకెక్కినవాడి చేత నిజం చెప్పిస్తుంది.

చందమామ

1947 జులైలో నాగిరెడ్డి, చక్రపాణి మద్రాసు నుంచి తెలుగులో, తమిళంలో మొదలుపెట్టిన పిల్లల పత్రిక చందమామ 1949లో కన్నడానికీ వెళ్లింది. ఏ భాషలో చదివినా మాంత్రికుడు ఒక్కడే, చిత్రా, శంకర్ వంటి చిత్రకారులు గీసిన బొమ్మలూ అవే.

అందులోని భేతాళ కథల నియమం రెండు వైపులా బిగించిన ఉచ్చు. జవాబు తెలిసీ చెప్పకపోతే విక్రమార్కుడి తల పగులుతుంది. చెబితే మౌనం చెడి, భేతాళుడు శవంతో సహా మళ్లీ చెట్టెక్కుతాడు. సంస్కృతంలో ఇవి పాతిక కథలు. నియమం గట్టిది కావడంతో చందమామవాళ్లు అదే చట్రంలో వందల కొత్త కథలు నడపగలిగారు. 1952లో సంపాదకవర్గంలో చేరిన దాసరి సుబ్రహ్మణ్యం 1954లో ‘తోకచుక్క’తో మొదలుపెట్టి, ‘ముగ్గురు మాంత్రికులు’, ‘రాకాసిలోయ’, ‘భల్లూక మాంత్రికుడు’ వంటి సీరియళ్లలో మాంత్రికులను ఒకరికొకరు పోటీగా నిలిపాడు. మంచి మంత్రం, చెడ్డ మంత్రం అన్న తేడా కన్నా ఎవరి స్వార్థం ఎవరికి అడ్డమన్నదే అక్కడ కథను లాగుతుంది.

తర్వాత

1980ల తొలినాళ్లలో యండమూరి వీరేంద్రనాథ్ నవల ‘తులసిదళం’ క్షుద్రవిద్యను రాజుల కాలం నుంచి నగరంలోని మేడలోకి తెచ్చింది. అక్కడ దానికి పోటీ మరో మంత్రం కాదు, వైద్యం, హిప్నాటిజం. జనం ఉర్రూతలూగారు, మూఢనమ్మకాలు పెంచుతున్నాడన్న విమర్శా గట్టిగానే వచ్చింది. ఆ విమర్శ ఊరికే వచ్చింది కాదు. బాణామతి, చేతబడి చేశారన్న అనుమానంతో మనుషులను చంపిన నేల ఇది.

పశ్చిమంలో దారి వేరు. 1974లో వచ్చిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆట క్రమంగా మంత్రాలను రక్షణ, ఆవాహన, భ్రమ, రూపాంతరం వంటి ఎనిమిది శాఖలుగా స్థిరపరిచింది. పాఠకుడికి ఎంత అర్థమైందో అంతమేరకే మంత్రంతో చిక్కులు విప్పాలని 2007లో ఫాంటసీ రచయిత బ్రాండన్ శాండర్సన్ రాశాడు. ఆటకు ఎనిమిది శాఖలు అవసరమే, పాచిక వేసేవాడికి లెక్క తేలాలి కదా. కథకు మాత్రం ఒక్క గట్టి షరతు చాలు. 2009లో వచ్చిన ‘అరుంధతి’ సినిమాలో ప్రతినాయకుడు పశుపతి క్షుద్రవిద్యకు విరుగుడైన ఆయుధాన్ని కథానాయిక జేజమ్మ ఎముకలతోనే చేయాలి. అందుకోసం ఆమె ముందు చనిపోవాలి, దాన్ని పట్టుకోవడానికి మళ్లీ పుట్టాలి.