పెత్తందారు తోక ఎవరిది?

దోస్తులారా, ఈసారి ఒక ఆట ఖిస్సా చెబుతాను. దాని వెనుక నాలుగైదు వందల ఏళ్ళ తారీఖు ఉంది కాబట్టి కాస్త సబర్‌తో చదవండి.

నేను ప్రభుత్వ బడిలో తెలుగు పంతుల్ని. ఇంట్లో మా జుబాన్ ఉర్దూ, బడిలో నా రోజీరోటీ తెలుగు. ఆరో తరగతి పిల్లలకు ప్రత్యయాలు చెప్పాల్సి వచ్చినప్పుడల్లా నాకు పరేషానీ. తద్ధిత ప్రత్యయం అని బోర్డు మీద రాయగానే సగం మంది ఆవలిస్తారు. చిన్నయసూరి బాలవ్యాకరణంలో దీనికి ఒక పరిచ్ఛేదమే కేటాయించాడు. కానీ పదకొండేళ్ళ పిల్లాడికి పరిచ్ఛేదం ఏం రుచిస్తుంది? అందుకని ఒక ఆట తయారుచేశాను. ఇంట్లో పోగుపడిన షాదీ రుఖాలు, శుభలేఖలు అన్నీ కత్తిరించి అట్టముక్కలు చేశాను. ఒక డబ్బాలో తలలు, ఇంకో డబ్బాలో తోకలు. మంచి, పేద, వేట, చెలి అనేవి తలలు. తనం, రికం, గాడు, కత్తె అనేవి తోకలు. తలకు తోక అతికిస్తే మంచితనం, పేదరికం, వేటగాడు, చెలికత్తె. పిల్లలు దీనికి తోకలాట అని పేరు పెట్టారు.

కాయదాలు మూడే. ఒక తోక తీసిన జట్టు నిమిషంలో ఎన్ని తలలు అతికిస్తే అన్ని మార్కులు. అతికించిన మాటతో ఒక వాక్యం చెప్పాలి, లేదంటే మార్కు కట్. తల ఒక భాషది, తోక ఇంకో భాషది అయితే రెండు మార్కులు. ఈ మూడో కాయదానే క్లాసులో హంగామా చేసింది.

ఒకరోజు తోకల డబ్బాలో ‘దారు’ వేశాను. ఫార్సీలో దాష్తన్ అంటే ఉంచుకోవడం, కలిగి ఉండటం. దాని నుంచి వచ్చిందే ‘దార్’. పిల్లలకు ఆ సంగతి చెప్పలేదు. ముక్క చేతికి రాగానే మొదలుపెట్టారు: జమీందారు, జాగీర్దారు, తహసీల్దారు, చౌకీదారు, దుకాణదారు. బోర్డు నిండిపోతోంది. అప్పుడు వెనక బెంచీ నుంచి ఒక అబ్బాయి లేచి, “సార్, ఇవన్నీ మీ మాటలు కదా? మా మాటలకు మార్కులు లేవా?” అన్నాడు.

వాడి మాటలో జహర్ ఏమీ లేదు. మాసూమ్ బచ్చా. ఎక్కడో విన్నది అడిగాడు, అంతే. కానీ ఆ ‘మీ’, ‘మా’ నా చెవిలో ముల్లులా గుచ్చుకున్నాయి. అబ్బాజాన్ నాకు పోతన పద్యాలు కంఠతా పట్టించారు. ముప్పై ఏళ్ళుగా ఈ పిల్లల అమ్మానాన్నలకు కూడా నేనే తెలుగు చెప్పాను. అయినా తెలుగు తరగతిలో నేను ఇంకా ‘మీరు’నే. జవాబు వెంటనే చెప్పలేదు. “రేపు చెబుతారా, ముందు నువ్వు ఇంటికెళ్ళి దారు తోక ఉన్న మాటలు పది పట్టుకురా. మీ ఇంట్లో వినపడేవే తేవాలి” అన్నాను.

ఆ రాత్రి నేను కూడా నా పాత కితాబులు తిరగేశాను.

దారు మన దగ్గరికి తలుపులు పగలగొట్టుకుని రాలేదు. దఫ్తరు గుండా వచ్చింది. గోల్కొండ రాజ్యం స్థాపించిన సుల్తాన్ కులీ హమదాన్ వైపు నుంచి వచ్చిన తుర్కుమాన్. దర్బారు జుబాన్ ఫార్సీ. కానీ రైతు తెలుగువాడు, ఊరి లెక్క రాసే కరణం తెలుగువాడు. అందుకే కుతుబ్‌షాహీల ఫర్మానాల్లో ఫార్సీతో పాటు తెలుగు కూడా రాసినవి ఉన్నాయి. ఒకే కాగజ్ మీద రెండు లిపులు పక్కపక్కన ఉంటే మాటలు ఒకదాని ఇంట్లోకి ఒకటి వెళ్ళకుండా ఎలా ఉంటాయి?

ఇబ్రహీం కులీ గద్దె ఎక్కకముందు ఏడేళ్ళు విజయనగరంలో అళియ రామరాయల దగ్గర పనాహ్ పొందాడు. 1550లో సుల్తాన్ అయ్యాక తెలుగు కవులను ఆదరించాడు. వాళ్ళు ఆయన్ను మల్కిభరాముడు అని పిలుచుకున్నారు. అద్దంకి గంగాధర కవి తపతీసంవరణోపాఖ్యానాన్ని ఆయనకే అంకితమిచ్చాడు. ఇంకో విచిత్రం చూడండి. సంస్కృతం కూడా కలవకుండా అచ్చ తెలుగులో రాసిన తొలి కావ్యం పొన్నెగంటి తెలగనార్యుడి యయాతి చరిత్ర. అది అంకితం పొందినవాడు పటాన్‌చెరువు అమీన్‌ఖాన్. అచ్చ తెలుగు కావ్యానికి కృతిభర్త ఒక ఖాన్ సాబ్! ‘మీ మాట’, ‘మా మాట’ అని గీత గీసేవాళ్ళు ఈ కావ్యాన్ని ఏ ఖానాలో పెడతారో నాకు ఇప్పటికీ సమజ్ కాలేదు.

1687లో గోల్కొండ మొఘలుల చేతికి పోయింది. 1724లో ఆసఫ్‌జాహీలు వచ్చారు. దఫ్తరు మాత్రం ఫార్సీలోనే నడిచింది. మొదటి సాలార్‌జంగ్ 1860ల్లో జిలాబందీ చేసి, జిల్లాకొక అవ్వల్ తాలూక్‌దార్‌ను, కింద తహసీల్దార్లను పెట్టాడు. తర్వాత ఫార్సీ పోయి ఉర్దూ సర్కారీ జుబాన్ అయ్యింది. అటు కోస్తాలో కంపెనీవాళ్ళు వచ్చినా తహసీల్దారు అన్న మాటను మార్చలేదు. 1985లో మండలాలు వచ్చినప్పుడు కొన్నేళ్ళు మండల రెవెన్యూ అధికారి అన్నారు. చివరకు బోర్డు మీదికి మళ్ళీ తహసీల్దారే తిరిగొచ్చాడు.

మర్నాడు ఆ అబ్బాయి పది కాదు, పదమూడు మాటలు తెచ్చాడు. వాళ్ళ నాన్న కౌలుకు చేస్తాడు, కాబట్టి మొదటి మాట కౌలుదారు. తర్వాత పట్టాదారు, ఖాతాదారు, వాటాదారు, గుత్తేదారు, హక్కుదారు, దరఖాస్తుదారు, ఫిర్యాదుదారు. రేషన్ దుకాణం దగ్గర విన్న లబ్ధిదారు, వినియోగదారు. టీవీలో విన్న కొనుగోలుదారు, పెట్టుబడిదారు, పిటిషన్‌దారు.

ఇక మూడో కాయదా ప్రకారం లెక్క మొదలుపెట్టాం. లబ్ధి సంస్కృతం, దారు ఫార్సీ: రెండు మార్కులు. పెట్టుబడి తెలుగు, దారు ఫార్సీ: రెండు. పిటిషన్ ఇంగ్లీషు, దారు ఫార్సీ: ఇంకో రెండు. ఈ మాటలు ఏ సుల్తానూ పుట్టించలేదు. తెలుగువాళ్ళే తమ అవసరానికి తమ చేతులతో కుట్టుకున్నారు. ఉధార్‌గా వచ్చిన తోక ఇంటి తోక అయ్యిందనడానికి ఇంతకన్నా సబూత్ ఏం కావాలి? మాటను అరువు తెచ్చుకోవడం ఏ భాషైనా చేస్తుంది. తెచ్చుకున్న ప్రత్యయంతో కొత్త మాటలు కనాలంటే మాత్రం ఒకే కప్పు కింద చాలాకాలం కలిసి బతకాలి.

ఆ జాబితాలో నన్ను ఆపేసిన సంగతి ఇంకొకటి ఉంది. జాగీర్దారు పేరు చెబితే తెలంగాణలో ముసలివాళ్ళు ఇప్పటికీ వెట్టి గుర్తుచేసుకుంటారు. ఆ జుల్మ్ నిజం, దాన్ని దాచడానికి నేను రాయడం లేదు. 1949లో జాగీర్లు రద్దయ్యాయి. జాగీర్దారు పోయాడు. కానీ ‘దారు’ అతనితో పోలేదు. కౌలుదారు దగ్గర ఉండిపోయింది, హక్కుదారు దగ్గరికి వచ్చింది. తోకకు కసూర్ లేదు. అది ‘కలిగినవాడు’ అని మాత్రమే చెబుతుంది. ఎవరికి ఏం కలిగి ఉందన్నది జమానా తేలుస్తుంది.

తర్వాత తోకలు పెంచాం. గ్రౌండులో తొక్కుడుబిళ్ల గీసి, గడికొక తోక రాశాను. బిళ్ల పడ్డ గడి తోకతో మాట చెప్పి గెంతాలి. ఉర్దూలో ఈ గడిని కూడా ‘ఖానా’ అనే అంటారు. ఖానా అంటే ఇల్లు: దవాఖానా, కార్ఖానా, బందిఖానా. ‘నామా’ అంటే కాగితం, రాత. రాజీనామా అసలు మతలబు ఒప్పుదల కాగితం, తెలుగులో అది నౌకరీ వదులుకునే కాగితం అయ్యింది. వీలునామా అయితే మరీ తమాషా: ఇంగ్లీషు ‘విల్’కు ఫార్సీ ‘నామా’ అతికించి తెలుగువాడు తన ఆస్తి పంచుకున్నాడు. ‘చి’ తుర్కీ తోక: ఖజానా చూసేవాడు ఖజాంచి, మశాలు పట్టేవాడు మశాల్చి. ‘ఆబాద్’ అంటే జనం కాపురమున్న చోటు: హైదరాబాద్, నిజామాబాద్, ఆదిలాబాద్. ‘బీన్’ అంటే చూసేది. దూర్‌బీన్ మన నోట్లో నలిగి దుర్భిణి అయ్యింది. అందులో తోక ఉందని ఇప్పుడు దుర్భిణి వేసి వెతకాల్సిందే!

ఈ ఆట నేనే కనిపెట్టాననుకునేవాణ్ణి. కాదు. హైదరాబాద్‌లో పెద్దలు దీన్ని పెద్ద ఎత్తున ఆడారు. 1917లో ఉస్మానియా యూనివర్సిటీకి ఫర్మానా వచ్చింది, 1919లో క్లాసులు మొదలయ్యాయి. చదువంతా ఉర్దూలో. సైన్సు కితాబులు తర్జుమా చేయడానికి దారుల్ తర్జుమా పెట్టారు. వేల కొత్త మాటలు కావాలి, ఎక్కడి నుంచి తేవాలి? అక్కడ ఉర్దూ ప్రొఫెసరుగా ఉన్న వహీదుద్దీన్ సలీం ఈ సవాల్ మీదే ‘వజ్-ఎ-ఇస్తిలాహాత్’ అనే కితాబు రాశారు. 1921లో అచ్చయింది. తలకు ముందు ఏం చేర్చాలి, వెనక ఏం చేర్చాలి, అలా కొత్త మాట ఎలా పుట్టించాలి అన్నదే అందులో ముచ్చట. నా అట్టముక్కల డబ్బాలు ఆయన చేతిలో పడితే ఖుష్ అయ్యేవారని నా ఖయాల్.

దారి ఒకవైపే నడవలేదు. ఫార్సీ నాజూకుకు తెలుగు తనం చేరి నాజూకుతనం అయ్యింది. హుషారుతనం అలాంటిదే. జల్సా పక్కన రాయుడు చేరి జల్సారాయుడు అయ్యాడు. మా తోకలు వాళ్ళకు, వాళ్ళ తోకలు మాకు. చూశారా, నేను కూడా మా, వాళ్ళ అనేశాను. ఆదత్ అంత తేలిగ్గా పోదు.

ఒక పాప నన్ను కూడా ఓడించింది. రహదారిని రెండు ముక్కలు చేసి, “రహ ఉర్దూ, దారి తెలుగు, రెండు మార్కులు” అంది. నేను కాదన్నాను. అది రాహ్‌దారీ. రాహ్, దార్, ఈ, మూడూ ఫార్సీయే. మొఘలుల కాలంలో అది దారిలో వెళ్ళే సరుకు మీద వసూలు చేసే సుంకం. ఔరంగజేబు రద్దు చేసిన పన్నుల్లో అదీ ఒకటి. అంతా విని పాప, “అయితే సార్, ఇప్పుడు రహదారి అంటే సుంకమా, దారా?” అంది. దారే. తెలుగు చెవికి అందులో తన దారి వినపడింది, అందుకే సుంకం పోయి బాట మిగిలింది. పాపకు రెండు మార్కులూ ఇచ్చేశాను. టోల్‌గేటు దగ్గర ఆగినప్పుడల్లా పాత మతలబు కూడా గుర్తొస్తుంది, అది వేరే సంగతి.

చివరి రోజు వెనక బెంచీ అబ్బాయి ఒకే మాట తెచ్చాడు: పెత్తందారు. పెద్దకు తనం చేరి పెత్తనం, దానికి దారు చేరి పెత్తందారు. ఒకే తలకు రెండు తోకలు, ఒకటి తెలుగు, ఒకటి ఫార్సీ. “సార్, ఇది మీదా, మాదా?” అని వాడే నవ్వుతూ అడిగాడు.

నేను బోర్డు మీద రాసి, డస్టర్‌తో ‘దారు’ చెరిపాను. పెత్తనం మిగిలింది, దాన్ని చేసే మనిషి పోయాడు. మళ్ళీ రాసి, ఈసారి ముందు భాగం చెరిపాను. దారు ఒక్కటే మిగిలింది, ఒంటరిగా, దేనికీ పనికిరాకుండా. వాడు కాసేపు చూసి, లేచి వచ్చి, సుద్దముక్క తీసుకుని మాట మొత్తం మళ్ళీ రాశాడు. మూడు మార్కులు అడిగాడు. కాయదాలో లేదు, అయినా ఇచ్చాను.