పటాన్‌చెరు సూది, ఒసాకా ఎలుక

సాహిత్యంలో పరిశోధన చేసినదానికి ఎలుకల ప్రయోగశాలతో ఏం పని అని అడుగుతుంటారు. పని ఉంది. మగ బీజకణాల మీద జరిగిన పరిశోధనల చరిత్ర చదువుతూ పోతే, అది మా ఊరి పక్కకే వచ్చి ఆగింది. మాది పటాన్‌చెరు మండలం కర్దనూర్.

ముందు ఎలుక సంగతి. ఒక రకం జెల్లీఫిష్‌లో ఆకుపచ్చగా మెరిసే ప్రొటీన్‌ని ఒసాము షిమొమురా 1962లో వేరుచేశారు. మార్టిన్ చాల్ఫీ 1994లో దాని జన్యువుని వేరే జీవుల్లో పెట్టి వెలిగించారు. 1997లో ఒసాకా విశ్వవిద్యాలయంలో మసారు ఒకాబే బృందం, నీలికాంతి పడితే దాదాపు ఒళ్లంతా పచ్చగా మెరిసే ఎలుకల్ని తయారుచేసింది. తర్వాత ఆ వెలుగుని మగ బీజకణాలకే పరిమితం చేశారు. వీర్యకణాలు తయారయ్యేటప్పుడు పనిచేసే ఆక్రోసిన్ జన్యువు మీటకి ఈ వెలుగు జన్యువుని తగిలించారు. ఇలాంటివాటిని రిపోర్టర్ జన్యువులంటారు. లోపల ఏం జరుగుతోందో బయటికి చెప్పడమే వాటి పని. 2010 నాటి ఎలుకల్లో వీర్యకణం తలమీద ఆక్రోసోమ్ అనే టోపీ ఆకుపచ్చ, నడుము ఎరుపు. టోపీ ఊడితే పచ్చదనం పోతుంది, ఎరుపు మిగులుతుంది.

ఈ వెలుగు ఒక పాత కథని కూడా కదిలించింది. పాఠ్యపుస్తకాల్లో వీర్యకణం ఏడు సముద్రాలు దాటొచ్చే రాకుమారుడు, అండం కోటలో ఎదురుచూసే రాకుమారి. ఆ భాషలోని మగ ఊహల్ని ఎమిలీ మార్టిన్ 1991లోనే విప్పి చూపించారు. అండం పొరని తాకాకే టోపీ ఊడుతుందని చాలాకాలం నమ్మారు. 2011లో మెరిసే వీర్యకణాల్ని ఒక్కొక్కదాన్నీ వీడియోలో వెంబడిస్తే, ఫలదీకరణ చేసినవాటిలో ఎక్కువభాగం పొరని తాకకముందే ఆ పని మొదలుపెట్టాయని తేలింది.

మన దేశమూ ఈ చరిత్రకి దూరం కాదు. జన్యువుని నేరుగా మగ ఎలుక వృషణంలోని మూలకణాల్లోకి విద్యుత్ సాయంతో పంపే పద్ధతిని ఢిల్లీలో సుబీర్ మజుందార్ బృందం 2008లో ప్రకటించింది. ఆయన తర్వాత హైదరాబాదులోని జాతీయ పశు బయోటెక్నాలజీ సంస్థకి డైరెక్టరయ్యారు.

ఒక్క మగకణం కదలికని ఇంత ఓపికగా చూడగలిగిన శాస్త్రం ఆడవాళ్ల శరీరాల్ని ఎలా చూసింది? 1985లో పటాన్‌చెరు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో స్త్రీలకి నెట్-ఎన్ అనే గర్భనిరోధక సూది ప్రయోగం తలపెట్టారు. మోతాదు రెండు నెలలకోసారి 200 మిల్లీగ్రాములు. విషయం తెలిసి హైదరాబాదు నుంచి స్త్రీశక్తి సంఘటన వాళ్లు వెళ్లారు. ఇది ఇంకా ప్రయోగమేనని, ఇబ్బందులు రావచ్చని ఆ స్త్రీలకి చెప్పలేదన్నది వాళ్ల అభ్యంతరం. 1986లో సహేలీ, చింగారీలతో కలిసి సుప్రీంకోర్టుకెక్కారు. కేసు 2000 దాకా నడిచింది. కుటుంబ నియంత్రణ కార్యక్రమంలో నెట్-ఎన్‌ని మూకుమ్మడిగా వాడటం తగదని చివరికి ప్రభుత్వమే ఒప్పుకుంది.

కథ అక్కడితో అయిపోలేదు. అదే నెట్-ఎన్‌ని, అదే 200 మిల్లీగ్రాముల మోతాదులో, టెస్టోస్టిరాన్‌తో కలిపి ఎనిమిది వారాలకోసారి 320 మంది మగవాళ్లకి ఇచ్చి ప్రపంచ ఆరోగ్య సంస్థ పరీక్షించింది. మనసు దిగాలు పడటం, సూది చోట నొప్పి వంటి ఇబ్బందులు కనబడగానే, 2011లో ఒక భద్రతా కమిటీ సూచనతో సూదులు ఆపేశారు. 2016లో ఫలితాలు అచ్చయ్యాయి. గర్భం ఆపుతుందో లేదో చూసే దశకి చేరిన 266 జంటల్లో గర్భాలు నాలుగే. పాల్గొన్న మగవాళ్లలో ముప్పావు వంతుకి పైగా, దొరికితే ఈ పద్ధతి వాడతామన్నారు.

ఆపడం తప్పని నేననను. బాధ చెప్పుకుంటే వినేవాళ్లుండటం, విని ఆపేవాళ్లుండటం, ప్రయోగం అంటే అలాగే ఉండాలి. ఆ కాపలా పటాన్‌చెరు ఆడవాళ్లకి ఎందుకు లేదన్నదే నా ప్రశ్న. మగవాళ్లు ఒప్పుకోరన్నది కూడా పూర్తి నిజం కాదని ఆ ముప్పావు వంతు మంది చెప్పనే చెప్పారు. అయినా 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆడవాళ్ల ఆపరేషన్లు 37.9 శాతం, మగవాళ్లవి 0.3 శాతం.

2017లో అంతర పేరుతో మరో సూది, డీఎంపీఏ, ప్రభుత్వ ఆస్పత్రులకి వచ్చింది. అది మూడు నెలలకోసారి. కావాలనుకునే స్త్రీకి అది దొరకాల్సిందే. అయితే ఇదేం మందు, ఏమవుతుంది, ఏమైనా అయితే ఎవరి దగ్గరికి రావాలి అన్న మూడు ప్రశ్నలకి, సూది చేతికి తగలకముందే ఆమెకి జవాబు అందాలి. ఎలుక లోపలి సంగతి చెప్పడానికి ఒక వెలుగుని కనిపెట్టారు. ఆడమనిషి తన సంగతి తనే చెబుతుంది. అడగాలి, విని రాసుకోవాలి, అంతే.