ఆంగ్ల అనిశ్చిత ఉపపదం – తెలుగు ‘ఒక’
ఆంగ్లంలోని ‘ఎ’, ‘ఎన్’ రెండూ ‘ఒకటి’ అనే అర్థం గల ప్రాచీనాంగ్ల ‘ఆన్’ నుండి పుట్టినవే. ఊనిక తగ్గి సంఖ్యార్థం సన్నగిల్లింది. హల్లుకు ముందు నకారం లోపించింది. ‘ఎ నేప్రన్’ను జనం ‘ఎన్ ఏప్రన్’గా విడదీయడం వల్లనే వంటవారు కట్టుకొనే నేటి ‘ఏప్రన్’ ఏర్పడింది.

తెలుగు ‘ఒక’ కూడా సంఖ్యను దాటినదే. ‘అనగనగా ఒక రాజు’లో అది లెక్క కాదు, కొత్త పాత్రకు ప్రవేశిక. ‘ఒక పదిమంది’లో ఉజ్జాయింపు, ‘నువ్వూ ఒక మనిషివేనా’లో ఈసడింపు. కనుక ‘ఒక’ కనబడిన ప్రతిచోటా ఆంగ్లచ్ఛాయను ఆరోపించడం తొందరపాటు. అనువాదాల ప్రభావాన్ని వెదకవలసింది విధేయస్థానంలో. ‘లాల్‌గడి మలక్‌పేట్ శామీర్‌పేట దగ్గరి గ్రామం’ అంటే తెలుగు వాక్యం నిండుతుంది. ‘ఒక గ్రామం’ అన్నప్పుడు ఆ ‘ఒక’కు పనే లేదు. ఆంగ్లంలోనైతే అక్కడ ‘ఎ’ లేనిదే వాక్యం నిలవదు.