మైకు పెట్టినవాడి చరిత్ర

1931 మార్చి చివర కరాచీలో కాంగ్రెస్ మహాసభ జరిగింది. భగత్ సింగ్, రాజగురు, సుఖ్‌దేవ్‌లను ఉరితీసి వారమైనా గడవలేదు. గాంధీ-ఇర్విన్ ఒప్పందంపై యువకులు మండిపడుతున్నారు. గాంధీజీకి నల్లజెండాలు ఎదురయ్యాయి. వల్లభ్‌భాయ్ పటేల్ అధ్యక్షత వహించిన ఆ సభలోనే ప్రాథమిక హక్కుల తీర్మానం ఆమోదం పొందింది. ఇవన్నీ మన పాఠ్యపుస్తకాల్లో ఉన్నాయి. ఆ సభకు లౌడ్‌స్పీకర్లు అమర్చిన నానిక్ మోట్వానే మాత్రం లేడు.

నానిక్ తండ్రి జ్ఞాన్‌చంద్ 1909లో సింధ్‌లోని సుక్కుర్‌లో వ్యాపారం ప్రారంభించాడు. అది క్రమంగా బొంబాయికి చేరి ‘షికాగో రేడియో’గా ప్రసిద్ధమైంది. పేరు అమెరికాది, సంస్థ సింధీలది. నెహ్రూ పాత ఛాయాచిత్రాలను గమనించండి, మైకు మీద ఆ పేరుపలక చాలాచోట్ల కనిపిస్తుంది. గాంధీజీది సన్నని గొంతు. లౌడ్‌స్పీకర్ లేని రోజుల్లో మహాసభలకు వచ్చిన వేలమందిలో ముందు వరుసలవారికే మాట వినిపించేది, వెనుకవారికి దర్శనమే దక్కేది. ఆ దూరాన్ని పూడ్చే పనిని మోట్వానే తన భుజాన వేసుకున్నాడు. ఏళ్ల తరబడి కాంగ్రెస్ సభలకు ఉచితంగా సామగ్రి పంపాడు.

ఉచితమన్నంత మాత్రాన అది తేలిక పని కాదు. నాటి ఆంప్లిఫయర్లు వాల్వులతో పనిచేసేవి. స్పీకర్లు కలపకుండా అలాంటి ఆంప్లిఫయర్‌లోకి సంకేతం పంపితే, శక్తి పోయే దారిలేక అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌లో వోల్టేజీ విపరీతంగా పెరుగుతుంది. చుట్టలోని ఇన్సులేషన్ చిట్లి ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతుంది. అందుకే ముందు తీగలు కలపాలి, తర్వాతే స్విచ్చి వేయాలి. మైదానం చివరిదాకా తీగ లాగితే దారిలోనే శక్తి వృథా అవుతుంది గనుక వోల్టేజీ పెంచి పంపి, ప్రతి హారన్ దగ్గర చిన్న ట్రాన్స్‌ఫార్మర్‌తో తగ్గించే పద్ధతి వచ్చింది. అప్పుడు హారన్లన్నీ తీసుకునే వాట్లను కూడాలి. ఆ మొత్తం ఆంప్లిఫయర్ సామర్థ్యాన్ని దాటకూడదు. హారన్లను మైకుకు ముందువైపు, జనం వైపు తిప్పి కట్టాలి. లేకుంటే స్పీకర్ శబ్దమే తిరిగి మైకులో దూరి కూత పెడుతుంది. ఇంతా చేశాక జనం కాళ్లకింద తీగ నలిగి రెండు కొసలు తగులుకుంటే అంతా మొదటికొస్తుంది. కాబట్టి తీగకు కాపలా మనిషి కావాలి. నా దృష్టిలో అతడూ ఉద్యమ కార్యకర్తే.

1942 ఆగస్టు 8న గొవాలియా ట్యాంకు మైదానంలో క్విట్ ఇండియా పిలుపును జనానికి వినిపించినవి కూడా ఈ సంస్థ లౌడ్‌స్పీకర్లే. మర్నాడు తెల్లవారేసరికి ప్రధాన నాయకులు అరెస్టయ్యారు. బహిరంగ సభలకు తావులేకపోయింది. అప్పుడు మాట రహస్య ప్రసారంగా మారింది. ఉషా మెహతా బృందం నడిపిన కాంగ్రెస్ రేడియో నవంబరు వరకు పనిచేసింది. దానికి పరికరాలు అందించాడన్న ఆరోపణపై మోట్వానేను కూడా అరెస్టు చేశారు. ఉషా మెహతాకు నాలుగేళ్ల శిక్ష పడింది, అతడు నిర్దోషిగా బయటపడ్డాడు. వ్యాపారి ఒక పార్టీకి సామగ్రి ఇవ్వడం ఈనాడు పెట్టుబడి. ఆనాడు దాని ఫలితం జైలు కావచ్చు.

తర్వాత ట్రాన్సిస్టర్లు వచ్చాయి, భయాలు తిరగబడ్డాయి. వీటికి స్పీకర్ లేకపోయినా ఫరవాలేదు, తీగలు కలుసుకుంటేనే ప్రమాదం. అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్ చెడి డీసీ కరెంటు నేరుగా స్పీకర్లోకి వెళితే వాయిస్ కాయిల్ మాడిపోతుంది. మంచి ఆంప్లిఫయర్ స్విచ్చి వేసిన రెండు మూడు సెకన్లకు లోపల ‘టిక్’మంటుంది. లోపల అంతా సవ్యంగా ఉందని చూసుకున్నాకే రిలే స్పీకర్లను కలుపుతున్న చప్పుడది.

యజమాని మితిమీరిన ఉత్సాహం నుంచి కాపాడే రిలే ఇంకా రాలేదు. నేను విలేకరిగా కుదురుకుంటున్న రోజుల్లో ఒక ఎన్నికల సభలో అభ్యర్థి అనుచరులు శబ్దం పెంచమని మైకు కుర్రవాణ్ణి గదమాయించారు. ఇంతకుమించి పెంచితే గొంతు చీలుతుంది, యూనిట్లు కాలిపోతాయి అన్నాడతను. వాళ్లే నాబ్ చివరిదాకా తిప్పారు. కాసేపటికి రెండు హారన్లు మూగబోయాయి. అతణ్ణి వేదిక వెనుకే చెంపమీద కొట్టారు, అద్దె ఎగ్గొట్టారు. నేను పక్కనే నిలబడి అభ్యర్థి ప్రసంగం రాసుకుంటున్నాను. మర్నాడు పత్రికలో ఆ ప్రసంగమే వచ్చింది.