ఆరు గంటలు: అఫ్జల్‌గంజ్ నుంచి మన హాస్టల్ గది దాకా



మన పోరగాళ్లు సిగ్గుతో నోరు తెరవని సంగతి ఒకటుంది: వృషణం మెలిపడటం. దాని చరిత్ర ఇయ్యాల రాస్తున్నాం.

వృషణం ఒక తాడుకు వేలాడుతుంది, రక్తం అందేది ఆ తాడు నుంచే. కొందరికి పుట్టుకతోనే అది సంచి గోడకు సరిగ్గా అతుక్కోక గంట నాలుకలా ఊగుతుంది. గిర్రున తిరిగిందంటే తాడు మెలిపడి రక్తం ఆగుతుంది. దెబ్బ తగలాల్సిన పనిలేదు, నిద్రలోనూ వస్తది. ఎక్కువగా 12 నుంచి 18 ఏళ్ల మధ్యనే.

1840లోనే ఫ్రాన్సు వైద్యుడు డెలాసియోవ్ దీన్ని గుర్తించి రాసిండు. కానీ గుర్తిస్తే సరిపోదు, కోసి సరిచేయాలె. దానికి మత్తు కావాలె. ఆ మత్తు కథలో మన హైదరాబాద్ ఉంది. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి డాక్టర్ ఎడ్వర్డ్ లారీ ఆధ్వర్యంలో 1888, 1889లలో క్లోరోఫాం కమిషన్లు జరిగినయ్. రెండోదానికి ఆరో నిజాం డబ్బులిచ్చిండు. క్లోరోఫాంతో గుండెకు నేరుగా ప్రమాదం లేదని వాళ్లు తేల్చింది తర్వాత తప్పని తేలింది. అయినా ప్రపంచం మన ఊరి వైపు చూసింది. 1908 మూసీ వరదలో ఆ ఆసుపత్రి పోయింది. ఏడో నిజాం కాలంలో విన్సెంట్ ఎష్ గీసిన నమూనాతో ఉస్మానియా లేచింది.

పట్నంలో కత్తి ఉంది, మత్తు ఉంది. మరి తండా నుంచి రాత్రిపూట పోయేదెట్ల? 2005 ఆగస్టు 15న 108 మొదలైనంక ఆ దారి దగ్గరైంది. అంతకు చాలా ముందే, 1976 చట్టంతో తెలంగాణ లంబాడాలు షెడ్యూల్డ్ తెగల్లో చేరిన్రు, మన పిల్లలకు హాస్టళ్ల తలుపులు తెరుచుకున్నయ్. ఈ జబ్బు వచ్చే వయసూ, హాస్టల్‌లో ఉండే వయసూ ఒకటే. అక్కడ యాడి ఉండదు, చెప్పుకోవడానికి సిగ్గు. నాదర్‌గుల్ పట్నానికి ఆనుకొనే ఉంది. అయినా మనల్ని ఆపేది దూరం కాదు, సిగ్గు.

ఆరు గంటల్లోపు సరిచేస్తే నూటికి తొంభై మందికి పైగా వృషణం దక్కుతుంది. పన్నెండు గంటలు దాటితే సగం మందికే. రోజు దాటితే దక్కేది చాలా తక్కువ. డాక్టర్ మెలి విప్పి, వేడి గుడ్డ కప్పి, రంగు తిరిగొస్తే గోడకు కుట్టేస్తడు. రెండోది కూడా మెలిపడకుండా దాన్నీ కుడతడు. ఒకటి పోయినా, రెండోది బాగుంటే పిల్లలు పుట్టే అవకాశం మామూలుగా ఉంటది.

ఒక్కసారిగా ఒక పక్క భరించలేని నొప్పి, వాంతులు, వృషణం పైకి లాగినట్టు ఉండటం, ఒక్కోసారి పొత్తికడుపు నొప్పి మాత్రమే: ఇవి గుర్తుంచుకోండి. నొప్పి సూది వేయించుకొని పడుకోవద్దు. నొప్పి దానంతటదే తగ్గిందంటే బాగైందనుకోవద్దు, వృషణం చచ్చిపోయి ఉండొచ్చు. ఏమీ తినకుండా, సర్జన్ ఉన్న ఆసుపత్రికి పోవాలె. 108కి ఫోన్ చేయండి.

తమ్ముళ్లారా, అర్ధరాత్రి అయినా పక్క మంచం మీదున్నోణ్ని లేపండి. లేపిండని ఎవడూ నవ్వొద్దు. మన తాతలకు లేని దారి మనకుంది, సిగ్గుతో దాన్ని మూసేయొద్దు.